చెక్కకు చిల్లు: జర్మనీ డ్రిల్ బిట్ల వెనక ఉన్న కథ

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును మార్చకుండా, చదవడానికి వీలుగా అక్కడక్కడా కొద్దిగా సరిచేశాం.)



ఈ వారం ఏం మాట్లాడతారని స్టూడియోలో అడిగితే "డ్రిల్ బిట్ల గురించి" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వాల్సిన విషయమే. మనవాళ్ళు రేడియోలో త్యాగరాజు గురించి మాట్లాడతారు, గురజాడ గురించి మాట్లాడతారు. చెక్కకు చిల్లు పెట్టే ఇనప ముక్క గురించి ఎవరూ మాట్లాడరు. కానీ నేను జర్మనీ వచ్చిన పాతికేళ్ళలో ఈ దేశం గురించి నాకు ఎక్కువ నేర్పింది ఆ ఇనప ముక్కే. ఎలాగో చెబుతాను. చివర్లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా చెబుతాను. కాబట్టి కాసేపు ఓపిక పట్టండి.

2000 ఆగస్టులో జర్మనీ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణులకు గ్రీన్ కార్డు పథకం మొదలుపెట్టింది. మీలో చాలామంది ఆ బండి ఎక్కి వచ్చినవాళ్ళే. నేను 2001లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో దిగాను. మరుసటి సంవత్సరం మా ఇంట్లో దేవుడికి ఒక అర కావాల్సి వచ్చింది. కొందామంటే మనకు కావలసినట్టు దొరకదు కదా! బీచ్ చెక్క పలకలు తెచ్చి నేనే చేద్దామనుకున్నాను. డ్రిల్లు మిషను కొన్నాను. దాంతో పాటు ఒక చవక బిట్ల పెట్టె కూడా కొన్నాను. అందులో అరవై బిట్లు, అన్నీ బంగారు రంగులో తళతళలాడుతున్నాయి. అరవై బిట్లు ఆ ధరకు వస్తున్నాయంటే సంతోషించానే గానీ, అలా ఎలా వస్తున్నాయని ఆలోచించలేదు.

ఒక బిట్టు తగిలించి నొక్కాను. చిల్లు పడలేదు, పొగ వచ్చింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇల్లంతా హోమం చేసినట్టు వాసన. చిల్లు చుట్టూ చెక్క నల్లగా మాడింది, వెనకవైపు పెచ్చులు లేచిపోయింది. అంతలో తలుపు తట్టిన చప్పుడు. ఎదురింటి పెద్దాయన. అన్నట్టు, ఆ రోజు ఆదివారం. ఈ దేశంలో ఆదివారం డ్రిల్లు కొట్టకూడదని నాకప్పటికి తెలియదు. తిట్టడానికి వచ్చారనుకున్నాను. ఆయన వాసన చూసి వచ్చారట. రిటైరైన ష్రైనర్, అంటే వడ్రంగి మేస్త్రి. నా చేతిలో బిట్టు తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇది రాయి కోసం అండీ, చెక్క కోసం కాదు" అన్నారు. తర్వాత పెట్టెలో మిగతావి కూడా ఒక్కొక్కటే చూసి, "ఇవి దేనికీ కాదు" అన్నారు.

మర్నాడు సాయంత్రం ఆయన తన పెట్టె తెచ్చారు. పాత తోలు చుట్టలో పదో పన్నెండో బిట్లు. కొన్నిటి మీద ముద్ర అరిగిపోయింది, కొన్నిటి మీద రెమ్‌షైడ్ అన్న ఊరి పేరు కనిపిస్తోంది. వాటిలో ఒకదాంతో నాలుగు సెకన్లలో చిల్లు పెట్టారు. అంచు చూస్తే అద్దంలా ఉంది. నాకు మా ఊరు గుర్తొచ్చింది.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా ఊరి వడ్రంగిని ఆచారి తాత అని పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర బాడిస, ఉలి, రంపం, చిత్రిక, బర్మా ఉండేవి. పాత పుస్తకాల్లో దీన్నే తొరపణం అన్నారు. బర్మా అంటే మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: ఒక కర్ర కదురు, దాని కింద ఇనప ములుకు, కదురుకు చుట్టిన తాడు, ఆ తాడు కట్టిన విల్లు. విల్లును ముందుకూ వెనక్కూ లాగుతుంటే కదురు అటు నాలుగు చుట్లు, ఇటు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆ ములుకు మా ఊరి కమ్మరి చేసినది. మొద్దుబారితే ఆచారి తాత నాలుగు అడుగులు వేసి కొలిమి దగ్గరకు వెళ్ళేవాడు. ఇద్దరికీ కళ్ళంలో ధాన్యం కొలిచేవారు, మేర అనేవారు దాన్ని. ములుకు చెడ్డదైతే ఎవరిని అడగాలో తెలుసు. దాని మీద ఏ ముద్రా అక్కర్లేదు.

చేసినవాడు మన ఊళ్ళో లేనప్పుడు, వెయ్యి మైళ్ళ అవతల ఉన్నప్పుడు, ఆ ఇనుము మంచిదని ఎలా నమ్మడం? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్న దేశం జర్మనీ. ఆ వెతుకులాట చరిత్రే ఇవాళ నేను చెప్పబోయేది.

ముందు ఒక చిన్న సంగతి. చెక్క అంటే చీపురుకట్ట లాంటిది. పుల్లలన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. ఆ కట్టకు పక్కనుంచి గుండ్రంగా చిల్లు పెట్టాలంటే, మొదట చిల్లు అంచున పుల్లల్ని తెగ్గొట్టాలి. తర్వాత మధ్యలో మిగిలిన ముక్కల్ని పైకి లేపాలి. ఈ వరస తప్పితే పుల్లలు తెగవు, చిరుగుతాయి. ఇనుముకు పుల్లలు లేవు, దాని బిట్టుకు ఈ బాధ లేదు. రాతి బిట్టుది ఇంకో దారి. అది కోయదు, కొట్టి పొడి చేస్తుంది. దాని మూతి మొద్దుగానే ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని చెక్క మీద పెడితే రుద్దుకుంటుంది, వేడెక్కుతుంది, మాడుస్తుంది. మా దేవుడి అరకు జరిగింది అదే.

మన బర్మా రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి దాని ములుకు రెండు వైపులా గోకేలా చదునుగా ఉండాలి. మెలి తిరిగిన బిట్టు పెట్టలేం, ఎందుకంటే వెనక్కి తిరిగినప్పుడు అది పనిచేయదు. ఆగకుండా ఒకే దిక్కుకు తిప్పే సాధనం, అంటే వంకర పిడి ఉన్న చేతి డ్రిల్లు, యూరప్‌లో 15వ శతాబ్దపు మొదట్లో కనిపిస్తుంది. దానికి ఒక బొమ్మ సాక్ష్యం ఉంది. న్యూయార్క్‌లో క్లాయిస్టర్స్ మ్యూజియంలో మెరోడ్ ఆల్టర్‌పీస్ అని ఒక చిత్రం ఉంది, సుమారు 1430 నాటిది. అందులో యేసు తండ్రి జోసెఫ్ తన వడ్రంగి బల్ల దగ్గర కూర్చుని చెక్కకు చిల్లులు పెడుతూ ఉంటాడు. ఆయన చేతిలో ఉన్నది ఈ వంకర పిడి డ్రిల్లే. అమెరికాలో ఉన్న శ్రోతలు న్యూయార్క్ వెళితే చూడండి.

ఇంచుమించు అదే కాలంలో జర్మనీలోని నూర్‌ంబెర్గ్‌లో ఒక పుస్తకం మొదలైంది. 1388లో కోన్‌రాడ్ మెండెల్ అనే వర్తకుడు పన్నెండుమంది ముసలి చేతివృత్తులవాళ్ళకు తిండీ నీడా ఇచ్చే ఒక ఆశ్రమం పెట్టాడు. 1425 ప్రాంతం నుంచి అక్కడ ఉన్న ప్రతి ఒక్కరి బొమ్మనూ, చేతిలో వాళ్ళ పనిముట్లతో సహా, ఒక పుస్తకంలో గీయించారు. కమ్మరి, వడ్రంగి, దర్జీ, రొట్టెలు చేసేవాడు, అందరూ ఉన్నారు. రాజుల బొమ్మలు ఏ దేశంలోనైనా ఉంటాయి. ఆరువందల ఏళ్ళ కిందటి ఒక మామూలు వడ్రంగి ముఖాన్ని పేరుతో సహా దాచిపెట్టుకున్న ఊళ్ళు ఎన్ని ఉంటాయి?

సరే, రెమ్‌షైడ్‌కు వద్దాం. డ్యూసెల్‌డోర్ఫ్‌కు తూర్పున కొండ ప్రాంతం, దాని పేరు బెర్గిషెస్ లాండ్. కారులో వెళితే గంట కూడా పట్టదు. వాన ఎక్కువ, మట్టి పలచన, పంట తక్కువ. కానీ కొండల్లో ఇనప ఖనిజం ఉంది, బొగ్గు కాల్చుకోవడానికి అడవి ఉంది, వుప్పర్ నదిలోకి దూకే వందల వాగులున్నాయి. ఆ వాగుల మీద నీటి చక్రాలు పెట్టి, వాటితో పెద్ద సమ్మెటలు ఎత్తి దించేవారు. లోయకొక ఊరు, ఊరికొక పని. జోలింగెన్‌లో కత్తులు, కత్తెరలు. రెమ్‌షైడ్‌లో ఆకురాళ్ళు, రంపాలు, ఉలులు, బిట్లు. ఆ సరుకును వర్తకులు ఓడలెక్కించి రష్యా నుంచి అమెరికా దాకా అమ్మారు. కొండ మీద ఉన్న రెమ్‌షైడ్‌ను జనం "కొండ మీది రేవుపట్నం" అని పిలిచేది అందుకే.

చేసేవాళ్ళ బతుకు మాత్రం అంత గొప్పగా లేదు. చాలామంది ఇంటి వెనక చిన్న కొట్టంలో పనిచేసేవారు. ఇనుము వర్తకుడిది, చేసిన వస్తువు వర్తకుడిది, కూలి మాత్రం వీళ్ళది. ఆ కూలి కూడా డబ్బుగా ఇవ్వకుండా వర్తకుడి కొట్లోని కాఫీ గింజలో, గుడ్డో ఇచ్చి సరిపెట్టేవారు. ప్రష్యా ప్రభుత్వం 1849లో దాన్ని నిషేధించింది. సానపట్టేవాళ్ళది ఇంకా ఘోరం. ఇసకరాయి చక్రం ముందు వంగి పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుని నడివయసులోనే పోయేవారు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోనూ ఇదే కథ. మనం అంచు ఎంత పదునుగా ఉందో చూస్తాం గానీ, ఆ పదును ఎవరి ఊపిరి తీసుకుందో చూడం.

ఇక్కడ కథలో సిగ్గుపడే ఘట్టం ఒకటి ఉంది. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. జర్మనీ తరఫున వెళ్ళిన అధికారి ఫ్రాంట్స్ రోయ్‌లో, బెర్లిన్‌లో పేరున్న యంత్రశాస్త్ర ఆచార్యుడు. ఆయన అక్కడ నుంచి ఒక బెర్లిన్ పత్రికకు ఉత్తరాలు రాశాడు. మన జర్మన్ సరుకు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే చవక, నాసి అన్నాడు. సొంత దేశపు అధికారి, పరాయి దేశం నుంచి, పత్రికలో! దేశంలో గగ్గోలు పుట్టింది. దేశద్రోహి అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదు. ధర తగ్గించి పోటీ పడితే చివరికి మిగిలేది చెడ్డపేరేనని, నాణ్యతతో పోటీ పడమని ఆయన మొత్తుకున్నాడు.

షెఫీల్డ్ వాళ్ళకు వేరే కోపం ఉంది. జర్మనీ నుంచి వచ్చే చవక కత్తుల మీద, ఆకురాళ్ళ మీద షెఫీల్డ్ ముద్రలను పోలిన ముద్రలుంటున్నాయి. అంటే ఇవాళ మనం ఎవరినైతే నకిలీ సరుకు అని తిడతామో, ఆ పని ఒకప్పుడు జర్మనీ చేసింది. చివరికి 1887 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు సరుకు ముద్రల చట్టం చేసింది. ఇంగ్లీషు ముద్రలాంటిది ఉన్న పరాయి సరుకు మీద అది ఏ దేశానిదో రాయాలి. అలా పుట్టింది "మేడ్ ఇన్ జర్మనీ". గమనించండి, అది బిరుదు కాదు. దొంగ నుదుటి మీద వేసిన వాత.

తర్వాత ఏమైంది? పదేళ్ళు తిరక్కుండా వాత కాస్తా బొట్టయింది. 1896లో ఇంగ్లండ్‌లో ఇ.ఇ. విలియమ్స్ అనే ఆయన "మేడ్ ఇన్ జర్మనీ" పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. మన ఇళ్ళలో చూడండి, పిల్లల బొమ్మల దగ్గర నుంచి పెన్సిళ్ళ దాకా అన్నీ జర్మనీవే అని తన దేశాన్ని హెచ్చరించాడు. పదేళ్ళలో ఇది మంత్రం వేసినట్టు జరగలేదు. వృత్తి బళ్ళు పెట్టారు, ఉక్కును పరీక్షించే పద్ధతులు నేర్చారు, కొత్త మిషన్లు తెచ్చారు. ఇంకో సంగతి: ముద్ర తప్పనిసరి అయ్యాక దాక్కోవడానికి చోటు లేదు. పేరు రాయక తప్పనప్పుడు పేరు నిలబెట్టుకోక తప్పదు. జోలింగెన్ వాళ్ళు ఈ పాఠం ఎంత బాగా నేర్చుకున్నారంటే, 1938 నాటికి తమ ఊరి పేరు వేరేవాళ్ళు వాడకుండా చట్టమే తెచ్చుకున్నారు. ఒకప్పుడు ఇంకొకరి ఊరి పేరు అరువు తెచ్చుకున్నవాళ్ళు!

ఇక బిట్ల విషయానికి వస్తే, నిజం ఒప్పుకోవాలి: ముఖ్యమైన ఆలోచనలు కొన్ని జర్మనీవి కావు. మెలి తిరిగిన ఇనప బిట్టుకు అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు తీసుకున్నాడు. చెక్కలో పెద్ద చిల్లులు పెట్టే, అడుగు చదునుగా ఉంచే బిట్టు ఒకటుంది. దాన్ని జర్మన్‌లో ఫోర్స్ట్‌నర్‌బోరర్ అంటారు. ఫోర్స్ట్ అంటే అడవి, ఫోర్స్టర్ అంటే అటవీ అధికారి. కాబట్టి ఇది అడవి మనుషుల పనిముట్టు అనుకునే జర్మన్లే చాలామంది ఉన్నారు. కానీ ఫోర్స్ట్‌నర్ ఒక మనిషి పేరు. బెంజమిన్ ఫోర్స్ట్‌నర్, 1834లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. విల్‌హెల్మ్ కైల్ అనే జర్మన్ మతబోధకుడి వెంట నడిచిన సమాజం ఒకటి ఉండేది. ఆస్తి అందరిదీ, పని అందరిదీ అని బతికిన వలస జర్మన్లు వాళ్ళు. మొదట మిస్సోరీలో, తర్వాత ఒరెగాన్‌లో ఊళ్ళు కట్టుకున్నారు. ఫోర్స్ట్‌నర్ వాళ్ళలోవాడే. ఒరెగాన్‌లోని సేలంలో తుపాకులు బాగుచేసే అంగడి పెట్టుకుని, 1874లో ఈ బిట్టుకు పేటెంటు తీసుకున్నాడు.

తుపాకీ పనివాడికి ఈ బిట్టు ఎందుకు? తుపాకీ వెనక చెక్క భాగంలో ఇనప కీలు ఒదిగేలా గుంటలు తొలవాలి. మామూలు బిట్టు మధ్య మొనను పట్టుకుని తిరుగుతుంది. పక్కనే ఇంకో చిల్లు ఉంటే జారిపోతుంది. ఫోర్స్ట్‌నర్ బిట్టు తన అంచును తానే ఆధారం చేసుకుని తిరుగుతుంది. అందుకే వాలుగా పెట్టవచ్చు, పలక అంచున సగం చిల్లు పెట్టవచ్చు, చిల్లులో చిల్లు పెట్టవచ్చు. వలస వెళ్ళిన మనిషి చేసినది, పేరు మోసుకుని, తిరిగి తాతల దేశానికి వచ్చింది. ఇవాళ రెమ్‌షైడ్‌లో అది తయారవుతోంది. జర్మన్ పిల్లలు అది తమ అడవి మాటే అనుకుంటున్నారు. మన పిల్లల విషయంలో కూడా ఇలాంటి తిరుగు ప్రయాణం ఏదైనా జరుగుతుందేమో, ఎవరు చెప్పగలరు!

జర్మనీ సొంతంగా కలిపినవీ ఉన్నాయి. కరెంటు మోటారుతో నడిచే డ్రిల్లు మొదటిది ఆస్ట్రేలియాలో 1889 నాటిది, అది పెద్ద యంత్రం. చేత్తో పట్టుకునే కరెంటు డ్రిల్లును 1895లో ష్టుట్‌గార్ట్‌లోని ఫైన్ కంపెనీ తెచ్చింది. మిషను వచ్చాక కొత్త చిక్కు వచ్చింది: వేగం పెరిగింది, వేడి పెరిగింది. మామూలు ఉక్కు రెండు మూడు వందల డిగ్రీల వేడికే మెత్తబడి పదును పోగొట్టుకుంటుంది. 1900 పారిస్ ప్రదర్శనలో అమెరికన్లు టేలర్, వైట్ ఒక కొత్త ఉక్కు చూపించారు. అది ఎర్రగా కాలినా కోస్తూనే ఉంది. దాన్నే హై స్పీడ్ స్టీల్ అంటాం, బిట్ల మీద హెచ్.ఎస్.ఎస్. అని ఉంటుంది. తర్వాత బెర్లిన్‌లో ఓస్రామ్ దీపాల కంపెనీలో కార్ల్ ష్రోటర్ అనే ఆయన, బల్బు తీగలు లాగే అచ్చులకు వజ్రం ఖర్చు భరించలేక, టంగ్‌స్టన్ కార్బైడును కోబాల్టుతో కలిపి కాల్చి ఒక గట్టి పదార్థం చేశాడు. దానికి 1923లో పేటెంటు. ఎసెన్‌లోని క్రుప్ కంపెనీ 1926 నుంచి దాన్ని విడియా పేరుతో అమ్మింది. వీ డియామాంట్, అంటే వజ్రం లాగా. ఇండియాలో మేస్త్రీలు కూడా విడియా బిట్టు అంటారు కదా, అది ఈ మాటే. ఎసెన్ నుంచి మన పల్లెల దాకా నడిచి వచ్చిన జర్మన్ మాట.

యుద్ధకాలాన్ని దాటేయకూడదు. ఈ ఫ్యాక్టరీలు ఆయుధాలకు పనిచేశాయి. జర్మనీ అంతటా ఫ్యాక్టరీల్లో లక్షలాది విదేశీయుల చేత బలవంతంగా చాకిరీ చేయించారు. 1943 జులై 31 తెల్లవారుజామున బాంబులు పడి రెమ్‌షైడ్ నడిబొడ్డు కాలిపోయింది, వెయ్యికి పైగా జనం పోయారు. మంచి పనిముట్టు చేసే చేయి మంచి పనే చేస్తుందన్న హామీ లేదు. ఇది కూడా ఆ ముద్ర కథలో భాగమే.

యుద్ధం తర్వాత కోట్ల ఇళ్ళకు బీరువాలు, వంటింటి అరలు కావాలి. అంత చెక్క లేదు. మాక్స్ హిమ్మెల్‌హెబర్ అనే జర్మన్ 1930ల మొదట్లోనే చెక్క పెళ్ళలను జిగురుతో అదిమి పలక చేసే పద్ధతి కనిపెట్టాడు. అదే ఇవాళ మనందరి ఇళ్ళలో ఉన్న పార్టికల్ బోర్డు. ఈ పలకలకు చెక్క కీళ్ళు పనికిరావు, చిల్లులే కీళ్ళు. అందుకని వరస చిల్లుల పద్ధతి వచ్చింది: చిల్లు 5 మిల్లీమీటర్లు, చిల్లుకూ చిల్లుకూ మధ్య 32 మిల్లీమీటర్లు, పలక ముందు అంచుకు 37 మిల్లీమీటర్ల లోపల. మీ ఇంట్లో ఉన్న బీరువా తలుపు తీసి స్కేలు పెట్టి చూడండి. తలుపు మడతబందు కూర్చునే గుంట 35 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఊరికే పుట్టలేదు. ఒకేసారి అనేక చిల్లులు పెట్టే మిషన్లలో కదుళ్ళను పళ్ళచక్రాలు తిప్పుతాయి, అవి అంతకంటే దగ్గరగా పట్టవు. కాబట్టి మీ వంటింట్లో ఉప్పు డబ్బా ఏ ఎత్తులో ఉండాలో ఆ పళ్ళచక్రం నిర్ణయించింది!

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న మాట. ఏం కొనాలి, ఎలా చూసి కొనాలి? మా ఎదురింటి మేస్త్రి గారు నేర్పినవీ, నేను తర్వాత కాల్చుకుని నేర్చుకున్నవీ కలిపి చెబుతాను.

మొదట మూతి చూడండి. చెక్క బిట్టుకు మధ్యలో సూదిలాంటి మొన, రెండు పక్కలా రెండు చిన్న కోరలు ఉంటాయి. మధ్య మొన కదలకుండా నిలబెడుతుంది. కోరలు పుల్లల్ని ముందుగా కోస్తాయి. కోరలు వేలికి పదునుగా తగలాలి. పోతపోసినట్టు గుండ్రంగా ఉంటే పెట్టేయండి. కోణంగా, పైకప్పులా ఉన్న మూతి ఇనుముది. మూతి మీద వెడల్పాటి చిన్న బిళ్ళ అతికించి ఉంటే రాతిది. ఈ మూడూ ఒక పెట్టెలో పక్కపక్కనే ఉంటాయి, జాగ్రత్త.

రెండోది, అద్దం బల్ల మీద దొర్లించండి. తిన్నగా ఉంటే సాఫీగా దొర్లుతుంది. వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. వంకర బిట్టు 8 మిల్లీమీటర్ల చిల్లును ఎనిమిదిన్నర చేస్తుంది, అప్పుడు చెక్క మేకు వదులైపోతుంది.

మూడోది ఉక్కు. మామూలు చెక్కకు, అప్పుడప్పుడూ చేసే పనికి, క్రోమ్ వెనేడియం ఉక్కు చాలు. దాన్ని చిన్న ఆకురాయితో మనమే పదును పెట్టుకోవచ్చు. గట్టి చెక్క, రోజూ పని అంటే హెచ్.ఎస్.ఎస్. మంచిది. పార్టికల్ బోర్డులో గట్టిపడిన జిగురు ఉంటుంది, అది ఉక్కు పదును తినేస్తుంది. దానికి కార్బైడు మూతి ఉన్నది తీసుకోండి. బంగారు రంగు చూసి మోసపోకండి. నిజమైన టైటేనియం నైట్రైడ్ పూత మంచిదే, కానీ పూత కింద ఉక్కు నాసిదైతే ఇత్తడి గిన్నెకు బంగారు నీళ్ళు పట్టించినట్టే.

నాలుగోది వేగం. ఇది కొనే విషయం కాదు, వాడే విషయం, కానీ మంచి బిట్లను చంపేది ఇదే. 5 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 47 మీటర్లు ప్రయాణిస్తుంది. 35 మిల్లీమీటర్ల బిట్టు అదే చుట్లు తిరిగితే 330 మీటర్లు! ఏడింతలు. కాబట్టి పెద్ద బిట్టును నెమ్మదిగా తిప్పాలి. గట్టి చెక్కలో ఫోర్స్ట్‌నర్ బిట్టుకు 500 నుంచి 1000 చుట్లు చాలు. మధ్య మధ్య పైకి తీసి పొట్టు దులపండి. పొగ వచ్చిందంటే అది బిట్టు ఏడుపు.

ఐదోది, కింద ఇంకో పాత చెక్క ముక్క పెట్టి రెండిటినీ బిగించండి. బయటికి వచ్చే వైపు పెచ్చులు లేవవు. స్క్రూలకు ముందు చిల్లు మరవకండి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు బీచ్ చెక్కలో సుమారు 3 మిల్లీమీటర్ల చిల్లు. మెత్తని దేవదారులో 2 లేదా రెండున్నర సరిపోతుంది. స్క్రూ మొన ఉన్న పాతకాలపు పొడుగు బిట్లు చేతి డ్రిల్లుకు చేసినవి. వాటిని వేగం మిషనుకు పెడితే చెక్క బిట్టును లోపలికి లాగేసుకుంటుంది, మణికట్టు మెలిపడుతుంది.

అరవై బిట్ల పెట్టె వద్దు. 4, 5, 6, 8, 10 మిల్లీమీటర్లవి ఐదు, ఒక 35 మిల్లీమీటర్ల ఫోర్స్ట్‌నర్, మొత్తం ఆరు మంచివి కొనండి. "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే మంచిదే, కానీ అది ఏ ప్రభుత్వమో పరీక్షించి వేసే ముద్ర కాదు. కంపెనీ తనంతట తాను వేసుకునేదే. అబద్ధమైతే కోర్టుకు లాగవచ్చు, అంతవరకే. ముద్ర చూడండి, తర్వాత మూతి కూడా చూడండి. రోయ్‌లో గారు చెప్పింది అదే కదా.

ముగించే ముందు ఒక ఇంటి మాట. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. స్కూలు అయ్యాక ఇంజనీరింగ్ కాదు, ష్రైనర్ పని నేర్చుకుంటానంది. మూడేళ్ళ శిక్షణ. చివర్లో తనే గీసుకుని, తనే చేసిన ఒక వస్తువును పరీక్షకు పెట్టాలి. ఇండియాకు ఫోన్ చేసి చెబితే మా పెద్దమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "వడ్రంగం చేయడానికా అంత దూరం వెళ్ళారు?" అంది. నాకు కోపం రాలేదు. ఎందుకంటే, నిజం చెబుతున్నాను, అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు నా మనసులో వచ్చిన మాట కూడా అదే.

ఆ రాత్రి ఆచారి తాత గుర్తొచ్చాడు. మా ఇంట్లో తలుపులు, మంచాలు, నా ఉయ్యాల, అన్నీ ఆయన చేసినవే. పని మీద వచ్చినప్పుడు ఆయన అరుగు కింద నిలబడి మాట్లాడేవాడు. ఏనాడూ ఆయన్ని లోపలికి రమ్మని కుర్చీలో కూర్చోమనలేదు మేం. ఆ కుర్చీ చేసింది ఆయనే. నూర్‌ంబెర్గ్ పుస్తకంలో వడ్రంగి ముఖాలు చూసిన రోజున, ఆచారి తాత ఫోటో ఒక్కటైనా మా ఇంట్లో ఉందా అని ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. లేదు. ఆయన అసలు పేరు కూడా నాకు తెలియదు.

అమ్మాయి ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. పరీక్ష వస్తువుగా ఏం చేస్తావంటే దేవుడి అర అంది. పాతది అలాగే ఉంచమంది, మాడిన చిల్లుతో సహా. కొత్తదాని చిల్లులకు ఎదురింటి మేస్త్రి గారి తోలు చుట్ట వాడుతోంది. ఆయన పోయే ముందు అది దానికే ఇచ్చి వెళ్ళారు.

రెమ్‌షైడ్‌లో, హాస్టెన్ అనే పేటలో, జర్మన్ పనిముట్ల మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళి రండి. వెళ్ళేముందు ఇంటికి ఫోన్ చేసి, మీ ఊరి వడ్రంగి పేరేమిటో ఒకసారి కనుక్కోండి.